సగం క్షవరం

బహ్రెయిన్‌లోని అద్లియాలో మంచి చాయ్ దొరికే చోట్లు చాలా ఉన్నాయి గానీ, అమెరికా సంగతులు తెలుగులో దొరికే చోటు ఒక్కటే ఉండేది. అది రాజనర్సు పనిచేసే సెలూన్.

చిన్న గది. రెండు కుర్చీలు, ఎదురెదురు గోడలకు రెండు నిలువుటద్దాలు, మూల పైన ఒక టీవీ. ఒక కుర్చీ రాజనర్సుది, రెండోది జగిత్యాల నుంచి వచ్చిన వహీద్‌ది. సెలూన్ యజమాని, వాళ్లిద్దరికీ వీసా ఇచ్చిన కఫీల్ అయిన అబూ జాసిమ్ ఆ టీవీని ఫుట్‌బాల్ కోసం పెట్టించాడు. జుఫేర్‌లోని నౌకాదళ బేస్ నుంచి అమెరికా నావికులు రావడం మొదలుపెట్టాక అందులో వాళ్ల వార్తల చానల్ తప్ప మరోటి నడిచింది లేదు. బేస్ లోపల వాళ్లకు క్షవరం చేసేవాళ్లు లేక కాదు. రాజనర్సు తలకు నూనె పెట్టి మర్దన చేస్తే, ఓడలో నెలల తరబడి కన్ను మూతపడని వాడు కూడా కుర్చీలో గురక పెడతాడని పేరు పడింది.

రాజనర్సుది ధర్మపురి పక్క పల్లె. తండ్రి గోదావరి రేవులో కర్మలకు వచ్చినవాళ్లకు గుండ్లు చేసేవాడు. కొడుకు చేతికి పదమూడో ఏటే కత్తి ఇచ్చాడు. తొంభై ఎనిమిదిలో బహ్రెయిన్ వచ్చేనాటికి రాజనర్సుకు ఇంగ్లీషులో యెస్, నో తప్ప రావు. మిగతాదంతా తలల దగ్గర నేర్చుకున్నాడు. కుర్చీలో కూర్చున్నవాడు అద్దంలోకి చూస్తూ మాట్లాడతాడు, పైన టీవీ కూడా మాట్లాడుతూనే ఉంటుంది. ఏడేళ్లు వింటే రాక ఏం చేస్తుంది?

శుక్రవారం నమాజు అయ్యేదాకా సెలూన్ తెరవరు. ఆ పొద్దున రాజనర్సు సంచీలో కత్తులు, కత్తెరలు వేసుకుని సల్మాబాద్ క్యాంపుకు వెళ్లేవాడు. అక్కడ వర్క్‌షాపుల్లో పనిచేసే మనవాళ్లకు క్షవరం చేయడం ఒక పని, అమెరికా వార్తలు చెప్పడం రెండో పని. రెండోదాని కోసమే ఎక్కువమంది వచ్చేవారు. కోనసీమ నుంచి వచ్చిన భీమేశ్వరరావు అనే పెద్ద వెల్డర్ మంచం మీద బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టేవాడు.

"ఏంటయ్యా రాజనర్సూ, మీ అమెరికావోడు ఈ వారం ఏమంటన్నాడు?"

"ఏమంటడు పెద్దాయనా! దొంగసొమ్ము దాసిండని ఇరాకోని ఇంటి తాళం పగలగొట్టిండు. ఇల్లంత తవ్విండు, ఏం దొర్కలే. ఇప్పుడు తాళం లేని ఇంటికి కావలుంటనని ఆడనే కూసున్నడు."

క్యాంపు గది ఘొల్లుమనేది. ఇంకోసారి, ఉగ్రవాదుల భయం ఎంత ఉందో చెప్పడానికి అక్కడి సర్కారు అయిదు రంగులు పెట్టిందని చెప్పాడు. పచ్చ అయితే నిశ్చింత, ఎరుపు అయితే ప్రమాదం. "భయానికి రంగేస్తే భయం పోతదా? మా మేస్త్రీ గోడకు మూడుసార్లు సున్నమేసిండు, పగులు పోలే." ఎన్నికలప్పుడు మరోటి. "ఓడినోడు గెలిచినోనికి ఫోన్ జేసి, అన్నా నేనోడిన అని చెప్తడట. మన దిక్కు గట్ల జేస్తే పార్టీలకెల్లి తీసేస్తరు."

ఈ మాటల్లో సగం అతనివి, సగం ఎమిల్ దగ్గర అరువు తెచ్చుకున్నవి.

ఎమిల్ ముప్పై అయిదేళ్ల నల్లజాతి నావికుడు. మొదటిసారి వచ్చినప్పుడు ఆ బిగుతైన ఉంగరాల జుట్టు చూసి రాజనర్సు చేతులు ఆడలేదు. మిషన్ పెట్టగానే ఎమిల్ దాన్ని తన చేతిలోకి తీసుకుని, అద్దంలో చూసుకుంటూ తన తల మీదే పాఠం చెప్పాడు. "వెంట్రుక ఎటు తిరుగుతోందో చూడు రాజ్. దానికి ఎదురు వెళ్లావంటే చర్మంలోకే తిరిగి పుండవుతుంది." ఒక్క గంటలో నేర్చుకున్నాడు. ఆ తర్వాత నల్లజాతి నావికులంతా రాజనర్సు కుర్చీ ఖాళీ అయ్యేదాకా కూర్చునేవారు గానీ వహీద్ పిలిచినా వెళ్లేవారు కాదు.

ఎమిల్ రెండు వారాలకోసారి బుధవారం వచ్చేవాడు. పంటినొప్పికి డాక్టరు దొరుకుతాడని నేవీలో చేరానని నవ్వేవాడు. "మా దేశంలో రెండు పార్టీలు. ఒక పార్టీవాళ్లు నాలుగేళ్లకోసారి మా చర్చికి వచ్చి చప్పట్లు కొడతారు. రెండో పార్టీవాళ్లు అసలు రారు. మా అమ్మ మొదటివాళ్లకు చేపలు వేయించి పెట్టడం కూడా ఎప్పుడో మానేసింది." ఆ అమ్మ గురించి రాజనర్సుకు చాలా తెలుసు. ఒక్కతే ఉంటుంది, చర్చిలో అందరికంటే గట్టిగా పాడుతుంది, కారు లేదు, నడపడం రాదు, కొడుకు జుట్టు మీద ప్రాణం. ఆమె ఉండేది ఏ ఊరో మాత్రం రాజనర్సు ఎన్నడూ అడగలేదు. అతని లెక్కలో అదంతా అమెరికానే. మనవాళ్లకు గల్ఫ్ అంతా దుబాయి అయినట్టు.

రెండువేల అయిదు, ఆగస్టు ఆఖరి రోజు. బుధవారమే. ఎండ ఇంకా దిగలేదు. ఎమిల్ వచ్చి, పలకరించకుండా కుర్చీలో కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. డ్యూటీ ఎక్కువైందేమో అనుకున్నాడు రాజనర్సు. మెడకు నల్లగుడ్డ కట్టి, కుడివైపు నుంచి మిషన్ మొదలుపెట్టాడు.

టీవీలో నీళ్లు. రెండు రోజులుగా అవే నీళ్లు. ఎక్కడో తుఫాను వచ్చి కట్ట తెగిందట. పైకప్పుల మీద మనుషులు దుప్పట్లు ఊపుతున్నారు. ఒక ముసలామె కప్పు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. హెలికాప్టర్ పైనుంచి ఫొటో తీసి వెళ్లిపోయింది.

రాజనర్సుకు ఎనభై ఆరు గుర్తొచ్చింది. గోదావరి ఊళ్లోకి వచ్చినప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని రైస్‌మిల్లు కప్పెక్కి రెండు పొద్దులు ఉన్నాడు. పేదవాళ్ల ఊళ్లో అలా జరగడం అతనికి వింత కాదు. అమెరికాలో జరగడమే వింతగా తోచింది. పక్కన తువ్వాళ్లు మడత పెడుతున్న వహీద్ వైపు తిరిగి తెలుగులో అన్నాడు:

"సూస్తున్నవా వహీద్ భాయ్! సముద్రాలు దాటి ఇరాకుకు ఓడలకోడలు పంపినోళ్లకు, ఇంటికాడ ఒక్క తెప్ప దొర్కుత లేదట."

వహీద్ పగలబడి నవ్వాడు. రాజనర్సు కూడా నవ్వాడు. నవ్వుతూ అద్దంలోకి చూశాడు.

అద్దంలో ఎమిల్ కళ్లు అతన్నే చూస్తున్నాయి.

"టీవీ సౌండ్ పెంచు" అన్నాడు ఎమిల్. వహీద్ పెంచాడు. ఊరి పేరు రెండుసార్లు వినిపించింది. ఎమిల్ లేచి నిలబడి, మెడ పైకెత్తి ఆ నీళ్లలో ఏదో వెతికాడు. వెతుకుతూనే అన్నాడు: "మూడు రోజులుగా ఫోన్ మోగుతోంది. మా అమ్మ తియ్యడం లేదు. కారు ఉన్నవాళ్లను ఊరు వదిలి వెళ్లమన్నారట. మా దేశంలో కారు లేకపోతే తుఫాను నుంచి కూడా పారిపోలేం, రాజ్."

రాజనర్సు చేతిలో మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది. సారీ అన్న మాట ఒక్కటే నోటికి వచ్చింది. అది ఎమిల్ విన్నాడో లేదో, తలుపు తోసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు. కుడివైపు జుట్టు నున్నగా దిగింది. ఎడమవైపు అలాగే ఉంది.

కాసేపటికి వహీద్ వెళ్లి, జ్యూస్ కొట్టు ముందు ఫుట్‌పాత్ మీద పడి ఉన్న నల్లగుడ్డ తెచ్చాడు. దాని మడతల్లో ఇంకా వెంట్రుకలు ఉన్నాయి.

"నీకేం దెలుసు భాయ్, ఆ ఊరోడని? దిల్‌కు తీసుకోకు" అన్నాడు వహీద్.

"అడిగితే తెలుస్తుండె గదా. రెండేండ్లసంది ఆయన తల పట్టుకున్న. ఊరేదని ఒక్కనాడు అడగలే. నా బుద్ధి గడ్డి తిన్నది."

అతన్ని అసలు కోసింది నవ్వు ఒక్కటే కాదు. రేవులో పని నేర్పేటప్పుడు తండ్రి ఒక మాట చెప్పాడు. "కర్మకు కత్తి పెట్టినంక సగంల ఆపద్దు బిడ్డా. ఆపితే పోయినోళ్లు అటు పోరు, ఇటు రారు." ఎమిల్‌కు చేసింది కర్మ కాదు, మామూలు క్షవరం. ఆ తల్లి బతికే ఉందేమో కూడా. అయినా రాజనర్సు మనసులో రెండూ కలిసిపోయాయి. బతికున్న తల్లి కర్మకు తనే కత్తి పెట్టి, నడిమధ్య ఆపేసినట్టు అనిపించింది.

మూడు రోజులు చూశాడు. ఎమిల్ రాలేదు. నాలుగో రోజు పొద్దున, ఎలాగైనా కలిసి మిగతా సగం తీసి, నవ్వినందుకు క్షమాపణ అడుగుదామని సంచీ భుజాన వేసుకుని జుఫేర్ బయలుదేరాడు. బేస్ గేటు దగ్గర తుపాకులు పట్టుకున్న కాపలావాళ్లు ఆపారు. సంచీ తెరవమన్నారు. తెరిచాడు. నాలుగు కత్తులు, మూడు కత్తెరలు, బ్లేళ్ల పెట్టెలు బయటపడ్డాయి. ఎవరి కోసమంటే ఎమిల్ అన్నాడు. ఇంటిపేరు ఏమిటంటే తెలియదన్నాడు. ఎందుకు కలవాలంటే, సగం తల మిగిలిపోయిందన్నాడు.

అతన్ని గోడ నీడన కూర్చోబెట్టి అబూ జాసిమ్‌కు ఫోన్ చేశారు. అబూ జాసిమ్ చెమటలు కక్కుతూ వచ్చి, పెద్దల చేతులు పట్టుకుని విడిపించాడు. కారులో తనకు వచ్చిన హిందీలో తిట్టాడు. "కత్తులు పట్టుకుని అమెరికా గేటుకు పోతావా, మజ్నూన్! నీకు పిచ్చా? ఇంకోసారి ఇటు వచ్చావంటే ఖలాస్, టికెట్ కొని పంపించేస్తా."

ఇరాక్‌లో దొరకని ఆయుధాలు నా సంచీలో దొరికాయి. ఆ మాట రాజనర్సు నాలుక చివరి దాకా వచ్చింది. సల్మాబాద్‌లో చెబితే నెలరోజులు నవ్వేవాళ్లు. ఎవరికీ చెప్పలేదు.

వారం తర్వాత ఇంకో నావికుడిని అడిగితే, ఎమిల్‌ను సెలవు మీద ఇంటికి పంపారన్నాడు. అంతకు మించి అతనికీ తెలియదు.

అద్దంలో కనిపించడం ఆ తర్వాతే మొదలైంది. గదికి రెండువైపులా అద్దాలు కదా, ఒకదానిలో ఒకటి పడి కుర్చీలో కూర్చున్న తల వరుసగా లోపలికి, ఇంకా లోపలికి వెళ్లిపోతుంది. సాయంత్రం ఎండ గాజుతలుపు గుండా పడేవేళ రాజనర్సు కళ్లు ఆ వరుస వెంట పోయేవి. ముందరి తలలన్నీ కుర్చీలోని మనిషివే. అయిదో, ఆరో తల మాత్రం సగమే గీసి ఉండేది. తల తిప్పి నేరుగా చూస్తే ఏమీ ఉండదు. పని మీద ధ్యాస పెట్టగానే మళ్లీ కంటికొసన అదే. కుర్చీలో ఎవరున్నా అదే తల. ఒకసారి సనాబిస్ నుంచి వచ్చిన బహ్రెయినీ పెద్దాయన గడ్డం గీస్తూ ఆ తలకేసి చూసి, ఆయన చెంప మీద సన్నగా గీత పెట్టాడు. రేవులో కత్తి పట్టినప్పటి నుంచి పన్నెండేళ్ల పనిలో మొదటిసారి కస్టమర్ నెత్తురు చూశాడు.

వహీద్ కుర్చీలు మార్చుకున్నాడు. అద్దాలు తుడిచి ఏదో చదివి ఊదాడు. "దయ్యమైతే దీంతోని పోవాలె భాయ్" అన్నాడు.

"సచ్చినోడు దయ్యమైతడు వహీద్. ఆయన బతికే ఉన్నడు గదా. బతికున్నోడు కండ్లల్ల నిలవడ్డడు. గీనికి ఏం మంత్రముంటది?"

రాజనర్సు అబూ జాసిమ్‌ను బతిమాలి టీవీని మళ్లీ ఫుట్‌బాల్‌కు మార్పించాడు. సల్మాబాద్‌లో తలలు మాత్రం చేసి వచ్చేవాడు. మొదట్లో అడిగారు. "ఏంటయ్యా, అమెరికా మూసేశారా?" అన్నాడు భీమేశ్వరరావు. రాజనర్సు చిన్నగా నవ్వి, తల వంచమన్నాడు. క్రమంగా అడగడం మానేశారు. అలా మూడేళ్లు గడిచాయి.

రెండువేల ఎనిమిది అక్టోబరులో ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని ఎమిల్ వచ్చాడు. ఒళ్లు తగ్గింది, చెవుల దగ్గర నెరిసింది. మళ్లీ ఇక్కడికే డ్యూటీ వేశారట.

రాజనర్సు చేతిలో ఉన్న నీళ్లసీసా కింద పెట్టి, ముందు కుర్చీ తుడిచాడు. తర్వాత అద్దం తుడిచాడు. ఎమిల్ కూర్చున్నాడు. రాజనర్సు గుడ్డ కట్టి, వెనక నిలబడి, ఆ తల ముట్టుకోలేకపోయాడు.

"ఎమిల్ భాయ్, ఆనాడు నేను నవ్విన" అన్నాడు.

ఎమిల్ అద్దంలో అతన్ని చూశాడు. "తెలుసు. విన్నాను."

రాజనర్సు దువ్వెన తీసి, మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"విమానంలో దారి పొడుగునా నీ మీదే కోపం" అన్నాడు ఎమిల్. "ఇంకెవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. గవర్నరు దూరం, ప్రెసిడెంటు దూరం, దేవుడు ఇంకా దూరం. చేతికందినవాడివి నువ్వే. నిజం చెప్పాలంటే ఆ కోపమే నన్ను ఇంటిదాకా మోసింది." కొంచెం ఆగి అడిగాడు: "ఇంతకీ ఏమన్నావు?"

దాచడానికి అతనికి మనసు రాలేదు. ఓడల మాట, తెప్ప మాట తనకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. వహీద్ తువ్వాలు పిండుతున్నాడు.

ఎమిల్ నవ్వలేదు. "అదే మాట నేనూ అన్నాను" అన్నాడు. "మా ఇంటి ముందు నిలబడి, పడవలో వచ్చిన సైనికుడితో అన్నాను. అతను ఇరాక్ నుంచి వచ్చి వారమే అయిందట. ఏడ్చాడు పాపం."

తర్వాత మిగతాది చెప్పాడు. ఇల్లిల్లూ వెతికినవాళ్లు తలుపు మీద రంగుతో పెద్ద ఇంటూ గుర్తు వేసి, కింది గడిలో లోపల దొరికిన శవాల లెక్క రాసేవారు. ఎమిల్ వాళ్ల వీధిలో అన్ని తలుపుల మీదా సున్నా. వాళ్ల తలుపు మీద ఒకటి. నీళ్లు పెరుగుతుంటే తల్లి అటకెక్కింది. కప్పు పగలగొట్టి బయటికి రావడానికి ఆమె దగ్గర గొడ్డలి లేదు.

రాజనర్సుకు రైస్‌మిల్లు కప్పు కళ్ల ముందు నిలిచింది. తమకు పైకెక్కడానికి బయట నిచ్చెన ఉండింది. అంతే తేడా.

"మా దిక్కు తల్లి పోతే కొడుకు గుండు చేయించుకుంటడు" అన్నాడు మెల్లగా. "ఆనాడు నాతోని సగమైంది. నువ్వు ఊఁ అంటే..."

ఎమిల్ ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. "వద్దు రాజ్. నన్ను గుండుతో చూస్తే అమ్మ చంపేస్తుంది. మామూలుగానే చెయ్యి."

మామూలుగానే చేశాడు. వెంట్రుకకు ఎదురు వెళ్లకుండా, చెయ్యి ఎత్తకుండా, ఫోన్ మోగినా తీయకుండా చేశాడు. మధ్యలో ఒకసారి, వచ్చే నెల మీ ఎన్నికలు గదా, ఎవరు గెలిస్తే బాగుంటదని అడిగాడు వహీద్.

"మా జాతివాడు గెలిస్తే మా వీధి అంతా ఏడుస్తుంది, సంతోషంతో" అన్నాడు ఎమిల్. "ఆ వీధిలో ఇప్పుడు ఎవరూ లేరు, అది వేరే సంగతి. మా ఇంటి జాగాలో నడుమెత్తు గడ్డి మొలిచింది. ఎవరు గెలిచినా ఆ గడ్డి కొయ్యమని నోటీసు మాత్రం నాకే వస్తుంది."

వెళ్లేముందు తలుపు దగ్గర రాజనర్సు అతన్ని ఆపాడు. "అమ్మ పేరు?"

"లొరేన్."

రాజనర్సు పలికాడు. సరిగ్గా రాలేదు. ఎమిల్ రెండుసార్లు పలికించి వెళ్లాడు. డిసెంబరులో అతని ఓడ కదిలిపోయింది. మళ్లీ రాలేదు.

కథ చెప్పుకున్నాక అద్దంలోది పోతుందనుకున్నాడు రాజనర్సు. పోలేదు. సాయంత్రం ఎండ పడ్డప్పుడు ఆ వరుసలో ఇంకా ఉంది. కాకపోతే అది ఇప్పుడు ఎమిల్ తల కాదు. ఎవరో ముసలామెది, చెదిరిన తెల్లజుట్టు, ఇటు తిరగని ముఖం. ఎండ పడే ఆ వేళల్లో అతను నెమ్మదిగా పనిచేయడం అలవాటు చేసుకున్నాడు.

ఎన్నిక ఫలితం వచ్చిన వారం సల్మాబాద్‌లో గదంతా నిండింది. మూడేళ్ల తర్వాత మళ్లీ అడిగారు. రాజనర్సు కత్తి పక్కన పెట్టి, తను అన్న మాట, నవ్విన నవ్వు, గేటు దగ్గర పరువు పోవడం, తలుపు మీద అంకె, ఏదీ దాచకుండా చెప్పాడు. గేటు దగ్గర కత్తుల సంగతికి ఇద్దరు నవ్వి, వెంటనే ఆపుకున్నారు.

అందరూ చాయ్‌లకు లేచారు. భీమేశ్వరరావు లేవలేదు. తల వంచి, మెడ మీద నీళ్లు ఆరుతున్నా తుడుచుకోకుండా కూర్చున్నాడు.

"తొంభై ఆరు తుఫానులో మా అక్క పోయిందయ్యా" అన్నాడు నేలకేసి చూస్తూ. "మూడో రోజున కొబ్బరితోటలో దొరికింది. అప్పుడు నేను ఈ దేశంలోనే ఉన్నాను. టీవీలో చూపిస్తంటే, మావోళ్లు కాదులే అనుకుని అన్నం తిన్నాను. ఇన్నేళ్లలో ఎవరితోనూ అన్లేదు."

రాజనర్సు మంచం కోడు పక్కన, ఆయన మోకాళ్ల దగ్గర కింద కూర్చున్నాడు.

"అక్క పేరేంది పెద్దాయనా?"

"నరసాయమ్మ" అన్నాడు భీమేశ్వరరావు.